కుడి చెవి

"చెవిటిదానికి రేడియో ఎందుకే?" అన్నాడు రాజం, పళ్లెంలో పప్పు కలుపుకుంటూ. గోడకు ఆనుకుని కూర్చున్న అతని తల్లి ఐలవ్వ పళ్లు లేని నోటితో ఇకిలించింది. "చెవిటోని ముంగట శంఖమూదినట్టే, బిడ్డా." తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు. భార్య సారలమ్మ అతనికి ఇంకో గరిటె పప్పు వేసింది.

చెవిటిది! ఆహా, ఆ చెవుడు తెచ్చినవాడూ ఆ పేరు పెట్టినవాడూ ఒకడే. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. రాజం రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నాడు. బొగ్గు బాయిలో పనిచేసేవాడి ఇంట్లో పగటిపూట ఆడది పిల్లిలా తిరగాలి. గిన్నె మోగకూడదు, తలుపు కిర్రుమనకూడదు, చంటిది ఏడిస్తే దాని నోటికి కొంగు అడ్డం పెట్టి పక్కింటికి పరుగెత్తాలి. ఆ రోజు కుక్కర్ కూత వేసింది. లేచి వచ్చి ఎడమ చెవి మీద ఒక్కటిచ్చి, మళ్లీ వెళ్లి పడుకున్నాడు. నిద్ర కూడా పట్టింది మహానుభావుడికి. చీము కారీ కారీ ఆ చెవి కాస్తా పోయింది. దవాఖానలో డాక్టరు అడిగితే, "చిన్నప్పటి సంది గంతే సార్" అన్నాడు రాజం. సారలమ్మ తల ఊపింది. అలా ఊపినందుకు ఇన్నేళ్లూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఇప్పుడామెకు రేడియో కావాలి. పొద్దున్నే ఆఫీసర్ల క్వార్టర్లకు నడిచి వెళ్లి రెండిళ్లలో వంట చేస్తుంది. పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట. బొగ్గు లారీల దుమ్ములో ఆ నడక తప్ప రోజు మొత్తంలో ఆమెకంటూ మిగిలేది ఏమీ లేదు. ఆ కాసేపు పాటలో నాటకాలో వింటూ నడవాలని ఆశ. మరి ఫోను కొనుక్కోవచ్చుగా అంటారా? కొనుక్కుంది ఓసారి. "ఎవనితోని మాట్లాడినవే?" అని రోజూ తీసి చూసీ చూసీ, చివరికి అతనే ఉంచుకున్నాడు. రేడియోతో ఆ పేచీ లేదు, అది ఎవరికీ ఫోన్ చెయ్యదు.

పేచీ ఇంకోటి దొరికింది రాజానికి. "బయటికి మోగితె నా నిద్ర ఖరాబైతది. చెవుల పెట్టుకుంటె నేను పిలిస్తె నీకు ఇనవడది. ఉన్నదొక్క చెవాయె!"

ఇంత తెలివైన మొగుడు దొరకడం ఎన్ని జన్మల పుణ్యమో! ఒక చెవి తానే పోగొట్టాడు, మిగిలినదేమో తన పిలుపు కోసం ఖాళీగా ఉంచాలట. అయినా ఆదివారం దుకాణానికి వెంట వచ్చాడు, ఆమెను తేలిగ్గా మోసం చేస్తారని.

గడ్డం నెరిసిన దుకాణదారు నౌమాన్ మూడు రేడియోలు అద్దం మీద పెట్టాడు. "ఇది ముల్లు తిప్పేది అక్కా, సస్తా, ధర తక్కువ. కాని నడుస్తుంటె స్టేషన్ జరుగుతది. ఇది డిజిటల్, నంబరు పెట్టి తాళమేస్తె కొంగుల ముడేసుకున్నా కదలది."

"పొద్దుగాల చీకట్ల నంబరు కనవడ్తదా అన్నా? తడి చేత్తోని నొక్కితె ఖరాబైతదా? సెల్లు ఎన్ని దినాలొస్తది?"

అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. తను వరసగా మూడు ప్రశ్నలడిగితే ఒక మగవాడు కసురుకోకుండా చెప్పడం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో! ఏడుపొచ్చినంత పనైంది.

"ఈ మూడోది స్టీరియో. రెండు చెవులల్ల మంచిగ నిండుగొస్తది. జర ఎక్కువ ధర."

"దీనికి స్టీరియో ఏంది భాయ్!" రాజం పకపకా నవ్వాడు. "పుట్టు చెవిటిది. సగం ధరకు సగం రేడియో ఉంటె ఇయ్యి!"

పక్కన బేరమాడుతున్న ఇద్దరు కూడా నవ్వారు. సారలమ్మకు ఒళ్లు మండిపోయింది.

"పుట్టు చెవుడు కాదన్నా," అంది. "మంచిగున్న చెవి. నిద్ర చెడగొట్టిన్నని ఈయన కొట్టిండు."

నవ్విన ఇద్దరూ నేలచూపులు చూశారు. రాజం మొహం మాడిపోయింది. "ఇంటికి నడువు, నీ సంగతి చెప్త" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఇంటికి వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈసారి కుడి చెవి కూడా పోవచ్చు. భయం వేసింది. పోతే పోనీ, పోయేలోపు దానికి ఒక్క మంచి మాటైనా వినిపించాలి కదా అనుకుంది.

"గా నడిమిది ఇయ్యన్నా" అని డబ్బులు అద్దం మీద పెట్టింది. నౌమాన్ స్టేషన్ పెట్టి, చెవిలో పెట్టుకునే వైరు చేతికిచ్చాడు. సారలమ్మ అక్కడే నిలబడి దాన్ని కుడి చెవిలో పెట్టుకుంది. ఎవరో ఆడమనిషి పల్లీ చేనుకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో తాపీగా చెబుతోంది. రాజం ఎదురుగా వచ్చి, వేలు ఆడిస్తూ, నోరంతా తెరిచి ఏదో అంటున్నాడు.

ఏమన్నాడో ఆమెకు ఈరోజుకీ తెలియదు. అడగలేదు.