లాభం నుంచి అయిదు దాకా

రామచంద్రం సారుకు అయిదంటే అయిదే. నాలుగున్నర కాదు, అయిదుంపావు కాదు. దేవరకొండ బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరిన నాటినుంచి ఆయన కుడిచెయ్యి ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు.

బాస్కెట్‌బాల్‌లో బంతి గీత దాటి బయటికి పోయిందనుకోండి. చివరగా దాన్ని తాకినవాడి ఎదుటి జట్టులో ఒకడు గీత బయట నిలబడి బంతిని లోపలికి వేయాలి. రిఫరీ బంతి చేతికిచ్చి అయిదు లెక్కపెడతాడు. ఆలోగా వెయ్యకపోతే బంతి అవతలివాళ్లది. ఇందులో వాదించడానికేముంది? బడిపిల్లలు వాదించేవారు. "సార్, జల్ది లెక్కవెట్టిన్రు" అని మొత్తుకునేవారు. ఆయన చెయ్యి వేగం మారేది కాదు. హైదరాబాదులో ఆర్నెల్లు శిక్షణ తీసుకున్న చెయ్యి అది. ఒక్కో అంకెకు ఒక్కసారి పక్కకు చాచి మళ్లీ గుండె దగ్గరికి తెచ్చేవాడు. గోడగడియారం దాన్ని చూసి నేర్చుకోవాలి.

ఆయన తండ్రి బాలయ్యదీ లెక్కపెట్టే పనే. కేతేపల్లిలో కళ్లాల దగ్గర ధాన్యం కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనడం మనలో లేదు కదా, లాభం అంటాం. బాలయ్య కుంచం నింపుతున్నంతసేపూ "లాభం, లాభం, లాభమయ్యా లాభం" అని పాడుతూనే ఉండేవాడు, అంకె మరిచిపోకుండా. గింజలు అంచుదాకా వచ్చి, అరచేత్తో సదిరి, గోనెలో ఒంపిన తర్వాతే "రెండు". అన్నదమ్ములిద్దరూ చొప్పకట్టల మీద పడుకుని ఆ పాట వింటూ నిద్రలోకి జారేవారు. తమ్ముడు లింగస్వామి మరీ చిన్నవాడు. తండ్రి చెమట తుడుచుకోవడానికి కాస్త ఆగితే చాలు, ఆ నిద్రమత్తులోనే తర్వాతి అంకె అందించేవాడు. కళ్లమంతా నవ్వేది.

చదువుకున్న తర్వాత రామచంద్రానికి ఆ పాటంటే కొంచెం చిన్నతనమైంది. లెక్క వేరు, పాట వేరు అని ఆయన అభిప్రాయం.

పోలీస్ యాక్షన్ అయి పదహారు నెలలు. రజాకార్లు పోయారు, నిజాం జెండా పోయింది, కమ్యూనిస్టు దళాల కోసం వేట మాత్రం పోలేదు. గుట్ట కింద ముళ్లకంచె చుట్టిన క్యాంపులో రెండొందల మంది రైతులను, కూలీలను పెట్టారు. లింగస్వామి వాళ్లలో ఒకడు. పట్టుబడి ఏడాది దాటింది. అప్పటికి వాడి పెళ్లానికి ఆరో నెల. లోపలికి ఉత్తరం పోనివ్వలేదు కనుక, పుట్టింది ఆడో మగో, అసలు బతికిందో లేదో కూడా వాడికి తెలియదు.

క్యాంపు కప్తానుకు బాస్కెట్‌బాల్ పిచ్చి. రెండు మొద్దులు పాతించి, మేదరివాళ్లతో అడుగులేని బుట్టలు అల్లించి కట్టించాడు. సిపాయిలకు ఎదుటి జట్టు కావాలి కనుక ఖైదీలకు ఆట నేర్పించాడు. ఆదివారం పందెం అన్నాడు. గెలిచిన జట్టుకు జిలేబీ అన్నాడు. ఈల ఊదడానికి రామచంద్రాన్ని పిలిపించి రెండు షరతులు పెట్టాడు. ఖైదీలతో ఒక్క మాట మాట్లాడినా ఆట అక్కడే బంద్, ఈలతో సహా ఆయనా లోపలే. లెక్క మాత్రం అందరికీ వినబడేలా పైకి చెప్పాలి, లేకపోతే సిపాయిలు పేచీకి దిగుతారు.

రెండో రిఫరీ హవల్దార్ ముత్తుసామి, తంజావూరు దిక్కు మనిషి. అతనికి తెలుగు రాదు, ఈయనకు అరవం రాదు. ఇద్దరికీ వచ్చింది చేతులే. శనివారం ఒక గంట కూర్చుని చేతులతోనే అన్నీ మాట్లాడుకున్నారు. రామచంద్రం బంతి పట్టుకుని ముందు అవతలి చివరకు చూడాలి. ముత్తుసామి లోపలి ఆటగాళ్లను సరిచూసుకుని బొటనవేలు ఎత్తుతాడు. ఆ వేలు లేచాకే బంతి ఆటగాడి చేతికి ఇవ్వాలి. ఆట సమయం చూసే గడియారం కూడా ముత్తుసామి మెడలోనే ఉంటుంది. సాయంత్రానికి ఇద్దరూ పాత చుట్టాల్లా అయిపోయారు.

ఆదివారం పొద్దున తమ్ముడి పెళ్లాం అండాలు వచ్చింది. చంకలో పది నెలల పిల్ల. నార్కట్‌పల్లి దాకా బండిలో వచ్చి, అక్కడినుంచి రెండు బస్సులు మారింది. క్యాంపు గేటు దగ్గర ములాఖత్ లేదు పొమ్మన్నారట. మర్నాడు తెల్లారి అందరినీ లారీల్లో ఎక్కించి కడలూరు జైలుకు తోలుతున్నారని కూడా అక్కడే విన్నది.

"ఒక్కపారి సూపియ్యి బావా. పిల్ల మొగం సూడకుండనే గంత దూరం పోతడా?" అన్నది.

"నేను నోరు తెరిస్తె నన్ను గూడ లోపలేస్తరు అండాలూ."

"నోరు తెరవకు. సూపియ్యి, గంతే."

రామచంద్రం నేలమీద పుల్లతో గీత గీశాడు.

"ఊరోళ్లను కంచె అవుతల నిలవడనిస్తరు. నువ్వు తూరుపు దిక్కు నిలవడు. గాడ కంచెకు గీతకు మూడడుగులే. బంతి గా దిక్కు బయటికొస్తె ఒకడు దాన్ని పట్టుకోని గాడికి రావాలె. అయిదు లెక్కవెట్టేదాక వాని మీదికి ఎవ్వడు రావొద్దు. గా జాగా వానిదే."

"అయిదంటె ఎంతసేపు?"

ఆయన చెయ్యి చాచి, కచ్చితంగా అయిదుసార్లు ఊపి చూపించాడు.

"గంతేనా!" అన్నది అండాలు. "పిల్లకు ముక్కు తుడిశెటందుకే సాలది గద బావా."

తన చెయ్యిని చూసి రామచంద్రానికి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

ఆట మధ్యాహ్నం పొద్దు వాలాక మొదలైంది. పుష్యమాసపు ఎండ, వెచ్చగా, మత్తుగా ఉంది. కాళ్ల కింద లేచిన దుమ్ము కిందికి దిగడం మరిచిపోయి గాలిలోనే నిలబడిపోయింది. బంతి పడమటి గీత దాటింది, దక్షిణం గీత దాటింది. తూర్పుకు ఒక్కసారి పోయింది కానీ జానయ్య అనే ఖైదీ దాన్ని అందుకుని "రెండు" అనేలోగానే లోపలికి విసిరేశాడు. ఎంత చురుకో! ఇంకెప్పుడైనా అయితే రామచంద్రం మెచ్చుకునేవాడు. కంచె దగ్గర అండాలు పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. లింగస్వామి బంతి వెంట పరుగెత్తుతున్నాడే కానీ తలెత్తి కంచె వైపు చూడలేదు. తనకోసం ఊరినుంచి ఎవరైనా వస్తారన్న ఆశ వాడికి ఎప్పుడో పోయినట్టుంది. తమ్ముడి మెడ బాగా చిక్కిపోయి ఉంది.

ముత్తుసామి దూరం నుంచి మూడు వేళ్లు చూపించాడు. మూడు నిమిషాలు ఉన్నాయి. ఖైదీలు ఒక్క పాయింటు వెనుక ఉన్నారు.

అప్పుడు బంతి ఒక సిపాయి మోకాలికి తగిలి తూర్పు గీత దాటి కంచె మొదట్లో ఆగింది.

రామచంద్రం వెళ్లి బంతి తీసుకున్నాడు. జానయ్య అలవాటుగా చేతులు చాపాడు. రామచంద్రం ఇవ్వలేదు. లింగస్వామిని చూసి, గీత బయట నిలబడాల్సిన చోటు వేలితో చూపించాడు. ఎవరు వేయాలో ఎంచడం రిఫరీ పని కాదు, ఆయన ఎన్నడూ ఎంచలేదు కూడా. లింగస్వామి వచ్చి, కంచెకు వీపు పెట్టి, ఆటకు ఎదురుగా నిలబడ్డాడు. అవతలి చివర బొటనవేలు లేచింది. బంతి తమ్ముడి చేతిలో పెట్టాక కూడా రామచంద్రం చూపుడువేలు దిగలేదు. తమ్ముడి భుజం పక్కనుంచి కంచె వైపు పోయింది.

లింగస్వామి ఆ వేలి వెంట చూశాడు. ఆటకు వీపు పెట్టి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

ఇక లెక్కపెట్టాలి. ఒకటి అనబోయాడు రామచంద్రం. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"లాభం."

ఖైదీల్లో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఊరుకున్నారు. రామచంద్రం చెయ్యి పక్కకు చాచి ఉంది. అది వెనక్కి రావడం లేదు. కుంచం ఇంకా నిండలేదు కదా, ఎలా వస్తుంది? "లాభం, లాభం, లాభమయ్యా లాభం." ఆ గొంతు తనదో నాయినదో ఆయనకే తెలియలేదు. గాలిలో తేలుతున్న దుమ్ము తూర్పారబట్టిన పొట్టులా మెరుస్తోంది. ఖైదీలు రాశి చుట్టూ నిలబడ్డట్టు నిలబడిపోయారు. వాళ్లందరికీ తెలిసిన లెక్క అది, దానికి ఎంతసేపు పడుతుందో కూడా వాళ్లకు తెలుసు.

"రెండు, రెండు, రెండే రెండు." అండాలు పిల్లను రెండు చేతులా ముళ్లకంచె పైకి ఎత్తింది. పడమటి ఎండ నేరుగా ఆ ముఖం మీద పడింది. ఎర్ర చీటీగుడ్డ గౌను. నుదుట కాటుక చుక్క. తాత బాలయ్య చెవుల్లాంటి పెద్ద చెవులు. లింగస్వామి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"మూడు, మూడయ్యా మూడు." పిల్ల బంతిని చూసి చెయ్యి చాపింది. లింగస్వామి బంతిని పైకెత్తి చూపించాడు, కిందికి దించాడు, మళ్లీ ఎత్తాడు. పిల్ల నవ్వింది. దానికి రెండు పళ్లున్నాయి.

"నాలుగు." సిపాయిలు కాళ్లు మార్చుకుంటున్నారు. కప్తాను కుర్చీలోంచి లేచాడు. రామచంద్రం అవతలి చివరకు చూశాడు. ముత్తుసామి గడియారం వైపు చూడటం లేదు, అతని పెదవులు కదులుతున్నాయి. తంజావూరు కళ్లాల్లోనూ మొదటి కుంచం ఒకటి కాదు, లాభమే. అతను గడియారాన్ని మెల్లగా చొక్కా లోపలికి జారవిడిచాడు. "నాలుగు, నాలుగే నాలుగు."

"ఉప్పలమ్మా," అన్నది అండాలు, పిల్లతో అన్నట్టుగా. "గాయినే బాపు, సూడు బిడ్డా."

అది అన్నదమ్ముల తల్లి పేరు. లింగస్వామి భుజాలు ఒక్కసారి కదిలాయి.

అయిదును రామచంద్రం ఎంత చిన్నగా, ఎంత మెల్లగా అనవచ్చో అంత మెల్లగా అన్నాడు. కానీ అన్నాడు. అయిదు అన్న తర్వాత ఊదకుండా ఉండటం ఆయనవల్ల కాదు. ఈల మోగింది. బంతి సిపాయిలది.

"జిలేబి పాయె," అని జానయ్య గొణిగాడు. వాడి కళ్లలో మాత్రం నీళ్లున్నాయి.

ఎన్ని సెకండ్లయ్యాయని కప్తాను కేకేసి అడిగాడు. ముత్తుసామి అటెన్షన్‌లో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్లూ చాచాడు. బంతి తనవాళ్లకే వచ్చింది కనుక కప్తాను ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు.

రామచంద్రం బంతి కోసం చేతులు చాపాడు. లింగస్వామి ఇటు తిరగలేదు. పిల్లను చూస్తూనే, చొప్పకట్టల మీద నిద్రమత్తులో అన్నట్టు,

"ఆరు," అన్నాడు.

రామచంద్రానికి అక్కడే కూలబడి తమ్ముణ్ణి పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ ఈ ఆటలో అయిదు తర్వాత ఆరు లేదు. ఆయన బంతి తీసుకున్నాడు. దానికి తమ్ముడి చేతుల చెమట అంటి ఉంది. సిపాయి ఒకడు వచ్చి అదే చోట, కంచెకు వీపు పెట్టి నిలబడ్డాడు. వాడికి ఎదురుగా గీత లోపల ఖైదీల్లో ఒకడు చేతులెత్తి అడ్డం నిలబడాలి. అలా నిలబడేవాడి ముఖం ఎటుంటుంది? కంచె వైపే. రామచంద్రానికి అది అప్పుడే తట్టింది.

తమ్ముణ్ణి చూసి, గీత లోపలి చోటును వేలితో చూపించాడు.

లింగస్వామి గీత దాటి వచ్చి, సిపాయికి ఎదురుగా తిరిగి, రెండు చేతులూ పైకెత్తాడు. సిపాయి భుజం మీదుగా, కంచె మీదుగా పిల్ల వాడిని చూసింది. అదీ రెండు చేతులూ ఎత్తింది.

రామచంద్రం ఇంకా తలతిప్పి చూడకముందే అవతల ముత్తుసామి బొటనవేలు లేచి ఉంది. బంతి సిపాయికి ఇచ్చి, రామచంద్రం కుడిచెయ్యి నిండా చాచాడు.

"లాభం," అన్నాడు.