మెస్ వెనక గ్యాస్ తొట్టి

'సుస్థిర ఇంజనీరింగ్' అనే కొత్త పేపరు ఎల్సమ్మ నెత్తిన పడగానే మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు. ఏళ్ల తరబడి ఇంజన్లూ బాయిలర్లూ చెప్పిన మనిషి ఆమె. ఇప్పుడేమో మధ్యాహ్నం భోజనాలయ్యాక, బయట వాన పడుతుంటే, నిర్వచనాలు చదివి వినిపించాలి. వెనక బెంచీలు హాయిగా కునుకు తీసేవి. ఒకరోజు ఆమెకే ఆవలింత ఆగలేదు. పుస్తకం మూసేసింది.

"చెప్పేదానికే నిద్రొస్తోంటే వినేవాళ్లకు రాదా? లేవండి, గొడుగులు తీయండి."

మగపిల్లల హాస్టల్ మెస్ వెనక, పాచి పట్టిన ఓ బయోగ్యాస్ తొట్టి ఉంది. ఎప్పుడో ఒక మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఆ తర్వాత దాని మొహం చూసినవాడు లేడు.

"సెమిస్టర్ ఆఖర్లో దీని గ్యాస్ మీద బియ్యప్పిండి పుట్టు ఆవిరికి ఉడకాలి. మీ మార్కులు అక్కడే," అంది ఎల్సమ్మ.

"మిస్, నిద్రపోయినందుకు ఇంత శిక్షా?" అన్నాడు షిహాబ్. క్లాసులో ఊరుకోని నోరు అతనిదే.

గొట్టాలు మార్చారు, చిల్లులు పూడ్చారు. ఉత్సాహం కొద్దీ మెస్‌లో మిగిలిందంతా బకెట్లతో కుమ్మరించారు. గ్యాస్ రాలేదు సరికదా, పులిసిన కంపు హాస్టలంతా కమ్మేసింది. నిమిష అనే అమ్మాయి లిట్మస్ కాగితం ముంచి చూసింది. ఎర్రబడింది.

"అజీర్తి మిస్. మరీ కూరేశాం."

కొన్నాళ్లు తొట్టిని పస్తు పెట్టారు. సున్నం, పేడ కలిపారు. ఆపైన ఎముకలు, నిమ్మతొక్కలు, ప్లాస్టిక్ ఏరేసి కొంచెం కొంచెంగా వేయాలని తేల్చుకున్నారు. ఏరడం వంతులవారీగా, చేత్తోనే. షిహాబ్ వంతు రోజున అతని స్నేహితుడే సగం పళ్లెం అన్నం బకెట్లో ఒంపబోయాడు.

"ఒరేయ్, తినేంతే పెట్టించుకోలేవా? నీ ఎంగిలి నేను కెలకాలా?"

మర్నాటి నుంచి వంతు ఉన్నా లేకపోయినా బకెట్ పక్కన కాపలా కాశాడు. సీనియర్లు 'ఎంగిలి ఇన్‌స్పెక్టర్' అని పేరు పెడితే, "సెల్యూట్ కొట్టి పళ్లెం చూపించండి చేట్టా!" అని ఆ అన్నలకే ఆర్డరేసేవాడు.

పరీక్ష రోజు పొద్దున్నే హెడ్ తంపీ సార్ కూడా వచ్చారు. మంట నీలంగా వెలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. గిన్నెలో నీళ్లు వేడెక్కాయో లేదో, మంట కుంచించుకుపోయి టప్పున ఆరిపోయింది. నిమిష కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ దగ్గర గొప్పలు పోయిన ఎల్సమ్మకు ప్రాణం చివుక్కుమంది.

"కుట్టప్పన్ చేట్టా, బకెట్లు సరిగ్గా పోయలేదా?" అని వంటాయన్ని అడిగింది.

"పోయడానికి ఉంటేగా మిస్! ఈ పోలీసాయన పుణ్యమా అని పిల్లోళ్లు పళ్లాలు నాకేస్తున్నారు. బియ్యం కూడా తగ్గించి వండుతున్నా."

ఎల్సమ్మ గోడ పట్టుకుని మరీ నవ్వింది.

"మా తొట్టికి ఆకలి సార్! పారేసేవాడే లేడు!"

"ఇంతకీ పాసా, ఫెయిలా?" అన్నారు తంపీ సార్ అయోమయంగా.

"అందరికీ ఫుల్ మార్కులు."

"మిస్, కావాలంటే రేపట్నుంచి నేను రెండు పళ్లాలు పారేస్తా!" అన్నాడు షిహాబ్.

"పారేసి చూడు, నీ మార్కులూ అందులోనే వేస్తా."

పుట్టు మామూలు పొయ్యి మీదే ఉడికింది. శనగల కూరతో అందరూ నిలబడే తిన్నారు. తొట్టి గ్యాస్ సాయంత్రం పాలు లేని కట్టన్ టీకి సరిపోతుందని నిమిష లెక్క కట్టింది. అప్పట్నుంచి హాస్టల్ టీ దాని మీదే మరుగుతోంది.

మరుసటి ఏడాది ఎవరు ఏ పేపరు చెప్పాలో పంచేటప్పుడు, తంపీ సార్ నోరు తెరవకముందే ఎల్సమ్మ చెయ్యెత్తింది.

"సుస్థిర ఇంజనీరింగ్ నాది సార్. ఎవరికీ ఇవ్వకండి."