ఉప్పు పోసిన గుంత

వాసన రాలే.

గడ్డపార దిగింది. పార ఎత్తింది. మొరం కుప్పయింది. ముక్కులకు దస్తీలు కట్టుకున్న పోలీసులు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

వాసన రాలే.

ఎండిన మన్ను వాసన... కాలిన రాయి వాసన... గాలి పెదవులకు తాకితే ఉప్పగున్నది. గంతే. సచ్చినోని వాసన లేదు.

మల్లాపూర్ దాటినంక గుట్ట. గుట్ట వాలు మీద మొరం దిబ్బ. దిబ్బ కింద గుంత. గుంతల పోశవ్వ కొడుకు.

పోశవ్వ గుంత అంచుకు కూసున్నది. లేవమంటే లేవలే.

ఆమెది సిరిసిల్ల. మగ్గం గుంతల కాళ్లు పెట్టి బతికిన ఇల్లు. మొగడు దగ్గి దగ్గి పోయినంక కండెలు చుట్టింది, మగ్గమెక్కింది, ఒక్క కొడుకును సాదింది. గంగారాం. మగ్గం మీదికెల్లి లేచి ఒకనాడు అడివికి పోయిండు. పోయేటప్పుడు చెప్పలే. చెప్తే పోనియ్యదని తెలుసు.

నిరుడు ఎండల కాలంల ఠాణకు పిలిచిండ్రు.

ఎదురుకాల్పులు అన్నరు. ఉరుక్కుంట కాల్చిండు, మేం కాల్చినం అన్నరు. తాడిపత్రి గుడ్డల చుట్టిన మూట ఒకటి జీపుల ఉన్నది. మూట విప్పలే. మూటకెల్లి బయటికి వేలాడుతున్న తువ్వాల అంచు మాత్రం చూపెట్టిండ్రు.

"గిది నీదేనా?"

పోశవ్వ అంచు పట్టుకున్నది. వేళ్లతోని తడిమింది. ఎర్ర పోగు, నల్ల పోగు, మళ్ల ఎర్ర పోగు. కొసకు వచ్చేసరికి బిగువు కొద్దిగ సడలుతది – కుడి చెయ్యి నొప్పి ఆమెకు. లోకంల ఇంకెవ్వలు గట్ల నెయ్యరు.

"నాదే."

మొఖం చూపెట్టమని అడగలే.

నేసేటోళ్ల బుద్ధి. బట్టను చూసింది – మనిషిని నమ్మింది.

ఎస్సై ఇంకొక్కటే అడిగిండు. "లగ్గమైందా వానికి?"

"కాలే."

కిరసనాయిలు డబ్బాలు జీపుల తయారున్నయి. ముసలి హెడ్ కానిస్టేబులు అడ్డం తిరిగిండు. "పెండ్లిగానోన్ని కాల్చద్దు సార్. మా తాన పూడుస్తరు. కాలిస్తే మా ఇండ్లల్ల పిల్లలకు మంచిది కాదు." తుపాకి పట్టుకున్నోళ్లందరు తలకాయలు ఊపిండ్రు. మనిషిని సంపనీకి భయం లేదు వాళ్లకు. రివాజు తప్పనీకి భయం.

"అయితే పూడువుండ్రి," అన్నడు ఎస్సై. "ఉప్పు పొయ్యుండ్రి. బస్తాలకు బస్తాలు పొయ్యుండ్రి. వానలు పడేవరకు కరిగిపోవాలె."

ఉప్పు కరుగుతది. ఉప్పు పోసిన మనిషి సుత కరుగుతడు – గీ దిక్కు అందరి నమ్మకం గదే. ఎస్సైది గదే. పోశవ్వది గదే.

గా సంగతి ఆమెకు దావీదు చెప్పిండు. దావీదు గుంతలు తవ్వేటోడు. ఆనాడు తవ్విచ్చింది ఆయనతోనే. "బస్తాలు నా చేతులతోనే కుమ్మరిచ్చిన అవ్వా," అన్నడు తల వంచుకొని. ఆమె మన్ను తీసి ఆయన మీద కొట్టింది. ఆయన తుడుసుకోలే.

అప్పటికెల్లి మొదలైంది పరుగు.

కోర్టు ఒక దిక్కు. మట్టి ఒక దిక్కు.

పౌరహక్కులోళ్లు వచ్చిండ్రు. పట్నంల కేసేసిండ్రు. శవాన్ని మళ్ల తీయాలె, డాక్టరు చూడాలె అన్నరు. కోర్టు వాయిదా అన్నది. మళ్ల వాయిదా అన్నది. జడ్జి సెలవుల పోయిండన్నది.

మట్టికి వాయిదా లేదు.

మట్టి సెలవుల పోదు.

పోశవ్వ కనవడ్డోన్నల్ల అడిగింది. కటికోన్ని అడిగింది. గొర్లు కాసేటోన్ని అడిగింది. బాయి తవ్వేటోళ్లను అడిగింది – మన్ను మనిషిని ఎంతల తింటది?

రేగడైతే తొందరగ తింటదన్నరు. నల్లగ, తడితడిగ, లోపల ఉడుకుతది. ముందుగల కడుపు ఉబ్బుతది. తోలు పలుగుతది. పురుగు లోపలికి పోతది... పురుగు రెక్కలొచ్చి బయటికి పోతది. బొక్కలు మిగులుతయి. బొక్కలు మాట్లాడయి.

చెరువుల పడ్డోడు వేరే తీరన్నరు. చల్లటి బురదల, గాలి తగలని కాడ, కొవ్వు సబ్బైతది. తెల్లగ, గట్టిగ. ఏండ్లకేండ్లు గట్లనే ఉంటడు.

గోదారి ఇసుకల వేస్తే నక్క తీసుకపోతదన్నరు.

ఉప్పు పోస్తే?

అందరు ఒక్క తీరుగనే చెప్పిండ్రు. "కరిగిపోతడు అవ్వా. ఇంకెక్కడిది!"

ఆమె ఉప్పు తినుడు బంద్ చేసింది. మరిది రాజలింగం తిట్టిండు. "వదినె, సచ్చినోడు ఎట్లైనా సచ్చిండు. కోర్టు కాయిదమొస్తే లేచొస్తడా?"

"లేచి రాడు. లేచి చెప్తడు."

"ఏం చెప్తడు?"

"ఉరుక్కుంట సచ్చిండో, కట్టేస్తే సచ్చిండో చెప్తడు. నాకు గది గావాలె. నువ్వు కావాలంటే రా. లేకుంటే నోరు మూసుకొని మగ్గం నేసుకో."

రాజలింగం వచ్చిండు. నోరు మూసుకోలే. దారి పొడుగునా గొణిగిండు.

ఆఖరికి కోర్టు కాయిదమొచ్చింది. ఇగ ఇప్పుడు... గుంత.

వాసన లేదు.

దావీదు పార పక్కకు పెట్టి చేతులతోని తీస్తున్నడు. మొరం తీసిండు. ఉప్పు గడ్డలు గడ్డలుగ లేచింది – గులకరాళ్ల లెక్క, బూడిద రంగుల. గడ్డ కింద చెయ్యి కనవడ్డది.

చెయ్యి. బొక్క కాదు. చెయ్యి.

గోర్లున్నయి. తోలున్నది – నల్లగ, డప్పు తోలు లెక్క గుంజుకొని. మొఖం ముడుసుకపోయింది. పెదవులు వెనక్కి పోయి పండ్లు బయటపడ్డయి. కండ్లు లేవు. గా మొఖం ఎవలదైనా కావచ్చు. మెడకు తువ్వాల లేదు. ఉప్పు అంటక మొరంల ఉన్న బట్టను చెదలు తిన్నయి. అంచు సుత మిగలలే.

డాక్టరు పట్నపోడు. మోకాళ్ల మీద కూసొని చూసిండు. పెద్ద గొంతుతోని చెప్పలే, తనకు తనే చెప్పుకున్నట్టు చెప్పిండు. "ఉప్పు నీళ్లు గుంజేసింది. నీళ్లు లేకపోతే కుళ్లు పుట్టది. కింద మొరం, వాలు జాగ... తడి నిలువలే. ఆ మీద నిరుడంత వానలే పడలే."

"అంటే కరగలేదా?" అన్నడు ఎస్సై.

"కరగలే. ఊరేసినట్టు ఉన్నడు."

ఎస్సై నవ్వబోయిండు. "ఏంది ముసల్దానా, ఎండు చేప లెక్క దాచిపెట్టినవా నీ కొడుకును?"

"నువ్వే దాచిపెట్టినవ్ కొడుకా," అన్నది పోశవ్వ. "నీ నోట్ల మన్ను వడ. నీ చేతులతోనే దాచిపెట్టినవ్."

నవ్వు ఆగింది.

డాక్టరు ముంజేతులు తిప్పిండు. రెండు మణికట్ల చుట్టు గాడి. తోలుల దిగిన తాడు గాడి – తాడు లేదు, పేటలు పేటలుగ దాని అచ్చు ఉన్నది. వెన్నుల గుండు దిగిన తూటు. దగ్గరికెల్లి కాల్చినప్పుడు అంటుకునే మసి తూటు చుట్టు ఇంకా ఉన్నది.

"చేతులు కట్టేసినంక కాల్చిండ్రు," అన్నడు డాక్టరు. రాసుకున్నడు.

రాజలింగం గొణుగుడు బంద్ చేసి గుంత అంచుకు వచ్చిండు.

పోశవ్వ ఏడ్వలే. ఆమె కాళ్ల దిక్కు జరిగింది. కొడుకు కాళ్లు. సిన్నప్పుడు నూనె రాసిన కాళ్లు. మగ్గం గుంతల ఎండ తగలక తెల్లగ, మెత్తగ ఉండే కాళ్లు.

పాదం పట్టుకున్నది.

గట్టిగున్నది. పాదం లోపలి అంచు పొడుగునా కాయ. పగిలిన కాయ, తాటి బెరడు లెక్క. చీలమండల మీద గీరుకపోయిన మచ్చలు. ఏండ్లకేండ్లు తాడు పడ్డ జాగ. రెండో పాదం చూసింది. గట్లనే.

మగ్గం తొక్కిన కాలు కాదు.

తాటిచెట్టెక్కిన కాలు.

కల్లుగీసేటోని కాలు.

తువ్వాల గంగారాందే. గంగారాం ఎవలికో ఇచ్చిండు. సలికి ఇచ్చిండో, నెత్తురు కట్టనీకి ఇచ్చిండో...

ఏడాది సంది ఆమె ఏడ్చిన కొడుకు ఎవలి కొడుకో.

తల ఎత్తింది. దావీదు సుత గా కాళ్లే చూస్తున్నడు. ఆమెను చూసిండు. చూపు దించుకొని ఉప్పు గడ్డలు పక్కకు జరుపుతున్నడు.

పంచనామ రాస్తున్న ఎమ్మార్వో గొంతు సవరిచ్చుకున్నడు. "ఏమ్మా. నీ కొడుకేనా? చెప్పు. రాసుకోవాలె."

ఎస్సై ఆమె నోటి దిక్కే చూస్తున్నడు. ఎండు చేప మాట అన్న నోరు ఇప్పుడు తెరిచే ఉన్నది.

కాదు అంటే – గుర్తు తెల్వని శవం. గుర్తు తెల్వనోనికి తల్లి లేదు. తల్లి లేనోనికి కేసు లేదు. గా మణికట్టు గాడి మళ్ల మన్నుల పోతది. రేపు పొద్దుగాల జీపులు గంగారాం కోసం లేస్తయి.

అవును అంటే – గంగారాం సచ్చినట్టు. ఇగ ఎన్నడు వాడు సిరిసిల్ల గడప తొక్కొద్దు. ఎన్నడు అమ్మా అని పిలువొద్దు. కన్న కొడుకును తన నోటితోనే పూడ్వాలె.

పోశవ్వ పరాయి కాలును ఒళ్లె పెట్టుకున్నది.

"నా కొడుకే."

"మంచిగ చూసి చెప్పు."

"చూసినంకనే చెప్తున్న. నా కొడుకే. నా పేగు. గీ తాడు గుర్తు నా కొడుకుది. రాసుకో. గట్టిగ రాసుకో."

రాసుకున్నడు.

సిరిసిల్లకు తీసుకపోతవా అని అడిగిండ్రు. వద్దన్నది. ఈడనే పూడువుమన్నది. రాజలింగం బిత్తరపోయిండు. "వదినె! గింత కొట్లాడి ఈడనే ఇడిసిపెడ్తవా?"

"గీ మట్టి దాస్తది వాన్ని."

దావీదు దిక్కు తిరిగింది. "ఉప్పు మళ్ల పొయ్యి. ఒక్క గడ్డ సుత బయట ఉండొద్దు."

దావీదు ఎందుకని అడగలే. పోసిండు.

అటెన్క పోశవ్వ కండెలు పక్కకు పెట్టింది. బస్సెక్కింది. బీర్పూర్ దిక్కు, అడివి అంచు పొంటి, తాటిచెట్లున్న ఊర్లల్ల దిగింది. కల్లుగీసే గౌండ్ల వాడలల్ల తిరిగింది. మీ ఇంట్ల పిల్లగాడు ఎవలన్న కనవడ్తలేడా?

కుక్కలు మొరిగినయి. తలుపులు పడ్డయి.

"ఎవలు పంపిండ్రే నిన్ను? ఠాణోళ్లా?"

"మావోడు దుబాయి పోయిండు. నీకెందుకు?"

"దుబాయి."

"దుబాయి."

ఏ ఇంట్ల అడిగినా దుబాయే. కోరుట్లకెల్లి కొందరు నిజంగనే పోయిండ్రు, విమానమెక్కిండ్రు. కొందరు అడివికి పోయిండ్రు. వాకిట్ల నిలబడి అడిగేటోనికి తల్లులు చెప్పే దేశం ఒక్కటే.

పోశవ్వ తిట్లు తిన్నది. తిరిగి తిట్టింది. ఇంకో వాడకు పోయింది.

ఒక వాకిట్ల ఒకామె కల్లు లొట్లు కడుగుతున్నది. పక్కింటోళ్లు మొగిలవ్వ అని పిలువంగ విన్నది. గోడకు తాటిచెట్టెక్కే మోకు వేలాడుతున్నది. ఎక్కేటోడు లేని మోకు. నూనె మాత్రం కొత్తగ రాసున్నది.

"ఎవలు గావాలె?"

"నీ కొడుకు..."

"దుబాయిల ఉన్నడు." మాట పూర్తిగాక ముందే చెప్పింది. కత్తి ఇసిరినట్టు చెప్పింది. "నీ కొడుకో?"

పోశవ్వ ఆమె చేతులు చూసింది. తడి చేతులు. గోడకున్న మోకు దిక్కు చూసింది.

"సచ్చిపోయిండు," అన్నది.

మొగిలవ్వ లొట్టి బోర్లించింది. ఇంకోటి అందుకున్నది. కడిగింది. కడిగిందాన్నే మళ్ల కడిగింది.



"ఏ మట్టిల పెట్టినవ్?" అన్నది తల ఎత్తకుంటనే.

"మొరంల."

"నీళ్లు నిలువయి గద?"

"నిలువయి."

లొట్లకెల్లి పులిసిన కల్లు వాసన వాకిలంత నిండింది. ఇద్దరి నడుమ నిలబడ్డది. ముక్కు మూసుకునేటోళ్లు ఎవ్వలు లేరు...