ఉదాహరణకి ఒక కాపురం

హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెని అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. పైకి, రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళ్ళాలని ఆమె కోరిక. ఆవిరికి చేతులు బొబ్బలెక్కే చోట ఎన్నాళ్ళని నిలబడుతుంది? అక్కడికి వెళ్ళాలంటే ఇంగ్లీషు రావాలి. ఆమెకి వచ్చు, అరకొరగా. ఇన్, ఆన్, ఎట్ అనే మూడు బుల్లి మాటల దగ్గరే బండి దిగబడిపోయేది. గంటకొకటి, రోజుకొకటి, నెలకొకటి. మళ్ళీ గదికొకటి, బల్లకొకటి. ఇన్నేళ్ళూ 'లో' తోనూ 'కి' తోనూ హాయిగా గడిపిన మనిషికి ఈ తిప్పలేమిటో!

నేర్పడానికి పూనుకున్నది ఫోనమ్మ. అదే హోటల్లో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం అన్నంత స్నేహం. మధ్యాహ్నం తిండి అయ్యాక దుప్పట్ల గదిలో, బీరువాల మధ్య పాఠం. టవలు అరలో ఉంది, సబ్బు బల్ల మీద ఉంది అని వల్లిస్తే రేపటికి మర్చిపోతావు, నీ ఇంటి సంగతులు చెప్పు, సొంతవైతే నోట్లో నిలుస్తాయి అంది ఫోనమ్మ.

సొంత సంగతులట. ఏమున్నాయి గనక! మొగుడు వదిలేసి పోయాడు, అదీ సంగతి. ఆ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. వేరే ఊళ్ళో డ్యూటీ పడిందని అందరితోనూ అనేసింది. తల్లితోనూ అదే మాట. వద్దు మొర్రో అని చుట్టాలు మొత్తుకుంటున్నా ఏరికోరి ఆ అల్లుణ్ణి తెచ్చింది ఆ తల్లే. ఇప్పటికీ పదిమందిలో 'మా అల్లుడు బంగారం' అంటుంది. ఆవిడ ఆ పదిమందిలో తల దించుకోకూడదని కూతురు పళ్ళబిగువున లాక్కొస్తోంది.

విచిత్రం ఏమిటంటే, ఇంగ్లీషులో చెప్పడం తేలికైంది. ఇంకెవరి కాపురమో చెబుతున్నట్టుండేది. శుక్రవారం నాడు వెళ్ళిపోయాడు, ఆన్. వానాకాలంలో, ఇన్. రైలుకట్ట అవతలి వీధిలో ఇంకొకావిడతో ఉంటున్నాడు, మళ్ళీ ఇన్. సాయంత్రం ఐదింటికి బేకరీ దగ్గర టీ తాగుతాడు, రెండుచోట్లా ఎట్. ఫోనమ్మ తప్పులు దిద్దింది, ఆమె కళ్ళు తుడిచింది, ఇది నా కడుపులోంచి బయటికి రాదక్కా అంది. ఇస్త్రీ అక్క నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

తర్వాత హోటల్ వాళ్ళు సిబ్బందికంతా ఇంగ్లీషు క్లాసు పెట్టి ఫోనమ్మనే చెప్పమన్నారు. సొంత చెల్లెలికి పట్టం కట్టినంత సంబరంగా ఇస్త్రీ అక్క ముందు వరసలో కూర్చుంది. ఫోనమ్మ బోర్డు మీద రాసింది: హీ లెఫ్ట్ హర్ డాష్ ఎ ఫ్రైడే. ఒకతను శుక్రవారం పెళ్ళాన్ని వదిలేశాడట, డాష్ దగ్గర ఏం రావాలో చెప్పమంది. అందరూ నవ్వారు. రెండో వాక్యంలో వానాకాలం వచ్చింది. మూడోదానిలో రైలుకట్ట అవతలి వీధి. ఇస్త్రీ అక్కకి చెవులు గింగురుమన్నాయి. ఫోనమ్మ వెనక్కి తిరక్కుండా బేకరీ కూడా రాసేసింది.

"నిన్న ఐదింటికి అక్కడ మన ఇస్త్రీ అక్క వాళ్ళాయన కనిపించాడే," అన్నాడు హోటల్ డ్రైవరు వెనక బెంచీలోంచి. పాపం, అమాయకంగానే అన్నాడు. వేరే ఊరన్నారు గదా అని కూడా అనబోయి నాలిక కరుచుకున్నాడు. అప్పటికే అన్ని తలలూ ముందు వరస వైపు తిరిగాయి.

క్లాసవగానే, డ్రైవరూ మిగతావాళ్ళూ ఇంకా బయటికి వస్తుండగానే, ఫోనమ్మ నడవాలో వెంటబడింది. "నీ పేరు ఎక్కడా రాయలేదు గదక్కా. ఎంత ఆలోచించినా వేరేవి తట్టలేదు. నువ్వు ఇంగ్లీషులో చెప్పినవి భలే కుదిరాయి."

"కుదిరాయా? కన్నతల్లికి చెప్పుకోలేనిది నీకు చెప్పుకున్నాను. నా ఏడుపు నీకు పాఠమైందా?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వాళ్ళని చూసింది గానీ, లెక్కపెట్టి బోర్డు మీద రాసేవాళ్ళని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళు మండిపోయింది. ఫోనమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. మండిపడుతూ కూర్చునే తీరికా లేదు. డ్రైవరు పెళ్ళాం ఉండేది తల్లి పక్క వాటాలోనే. డ్రైవరు ఫోన్ చేశాడంటే చాలు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ముందు తానే చెప్పాలి. సెలవు అడిగి బస్సెక్కి, దారంతా మాటలు కూడబలుక్కుంది.

తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది. కూతుర్ని చూసి లేవలేదు.

"అమ్మా, నీకొకటి చెప్పాలి."

"చెప్పారులే."

ఏడుస్తుందనుకుంది, అల్లుణ్ణి శాపనార్థాలు పెడుతుందనుకుంది, చేతులారా చేశానే అని తల బాదుకుంటుందనుకుంది. ఆవిడ అవేవీ చేయలేదు.

"వాడు మోసం చేశాడంటే సరే, పరాయివాడు. నువ్వు వారం వారం వచ్చి, నా ఒళ్ళో తల పెట్టుకుని, ఆయన బాగున్నాడమ్మా అన్నావే. నేను పిచ్చిదానిలా వాకిట్లో అందరికీ చెప్పుకున్నాను. వచ్చీరాని భాషలో ఎవరికో చెప్పుకున్నావట. నీకు నేనెప్పుడు కానిదాన్నయ్యానే?"

కూతురు కాళ్ళ దగ్గర కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. తల్లి నెమ్మదిగా ఆ చెయ్యి విడిపించుకుని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.