అచ్చాయమ్మ ఏమందో

మురళీధర్ పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసేవాడు. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో తాతల నాటి గాజుల కొట్టు మీద మేడగదిలో అతని స్టూడియో, ఇల్లు ఒర్లియంపేటలో. ఫ్రెంచి పౌరసత్వం కాగితాలున్న కుటుంబాలు ఈ ఊళ్లో తక్కువేం కాదు. వాళ్ల పిల్లల పెళ్లిళ్లు పారిస్ పక్కన జరిగినా మన మేళం, మన వంట, మన ఫోటోలే కావాలంటారు. అలా అప్పుడప్పుడూ మురళికి విమానం ఎక్కే పని పడేది.

ఎక్కే ముందు అతనికి ఒకటే దిగులు, కెమెరాలు. బట్టల పెట్టె పోతే పోనీ, కెమెరాల సంచీ మాత్రం చేతిలోంచి జారకూడదు. తోటి ఫోటోగ్రాఫరు ఒకడి లెన్సు సామాన్లతో పాటు విమానం కడుపులోకి వెళ్లి ముక్కలై రావడం కళ్లారా చూశాడు. కాని చేతిసంచీకి విమానం వాళ్లు పెట్టిన బరువు హద్దుకీ ఇతని సరంజామాకీ పొంతన ఉండేది కాదు. అతని భార్య గిరిజ, పక్కనున్న పాత పేపర్ల కొట్లో కాటా అడిగి తెచ్చి, సంచీ తూచి, ఎక్కువైనవి ఒక్కొక్కటే తీసి మొగుడి కోటు జేబుల్లో కుక్కేది. ఈ ఎండలో కోటేంది అని చూసినవాళ్లు నవ్వేవాళ్లు. మురళి నవ్వే రకం కాదు. విమానంలో పద్నాలుగు గంటలైనా ఆ కోటు విప్పకుండా కూర్చునేవాడు.

ఈసారి సౌందరరాజన్ గారి అమ్మాయి పెళ్లి. ఆయనది ఇక్కడి కుటుంబమే, పారిస్ శివార్లలో స్థిరపడ్డాడు. మురళి వెళ్తున్నాడని తెలిసి ఎదురింటి మంగాయమ్మ కబురు చేసింది.

మంగాయమ్మది యానాం. సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి, బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, ఇక్కడే రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె మాట కటువు, మనసు మెత్తన. గిరిజ పురిటికి కష్టపడినప్పుడు ఆసుపత్రిలో తోడు కూర్చున్నది ఆమే. మురళి ఆమెను అత్తా అని పిలిచేవాడు.

ఆమెకు ఒక అక్క ఉందని మురళికి ఆ రోజే తెలిసింది. పేరు అచ్చాయమ్మ. ఫ్రెంచి సైన్యంలో పని చేసిన మనిషిని చేసుకుని చిన్నతనంలోనే ఆ దేశం వెళ్లిపోయింది. యానాంలో వీళ్ల తల్లి మంచం పట్టినప్పుడు చాకిరీ అంతా మంగాయమ్మ మీద పడింది. ఎత్తడం, దించడం, కడగడం అన్నీ తనే. తల్లి మాత్రం పగలూ రాత్రీ పెద్దదాన్నే కలవరించేది. అచ్చాయికి కబురు పెట్టావా అని అడిగినప్పుడల్లా పెట్టానని చెప్పేది మంగాయమ్మ. పెట్టలేదు. చేసేది నేను, పిలిచేది దాన్నా అన్న ఉక్రోషం. ఇంకొన్నాళ్లు బతుకుతుందిలే, నాలుగు రోజులు పోయాక చూద్దాం అనుకుంది. ఆ నాలుగు రోజులూ తల్లి ఆగలేదు. పోయాక టెలిగ్రాం ఇచ్చింది. అచ్చాయమ్మ వచ్చింది, ఊళ్లోవాళ్ల నోట అసలు సంగతి వింది, చెల్లెలితో ఒక్క మాట మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటింది. మంగాయమ్మ ఫోను చేస్తే పెట్టేసేది. ఇప్పుడు అచ్చాయమ్మకు చెవులు పూర్తిగా పోయాయి, వృద్ధుల ఇంట్లో ఉంటోంది. ఇక ఫోను చేసినా లాభం లేదు.

"అదుండే చోటు మీ పెళ్లివారి ఊరికి దగ్గరేనట. ఒక్కసారి చూసి రారా," అంది మంగాయమ్మ. "తిడితే తిట్టమను. అదేమన్నా సరే, దాని నోటితో అన్నది నాకు తెచ్చి చూపించు."

మురళి సరేనన్నాడు.

పెళ్లి బాగా జరిగింది. తిరుగు ప్రయాణం రోజు పొద్దున సౌందరరాజన్ గారే కారులో ఆ వృద్ధుల ఇంటికి తీసుకెళ్లాడు. అచ్చాయమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఏం చెప్పినా వినబడదు కాబట్టి మురళి తన ఫోనులో మంగాయమ్మ ఫోటో చూపించాడు. ఆమె ఫోనును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ముసలిదైపోయింది," అంది.

అతను కెమెరా తీసి సైగ చేశాడు. ఆమెకు అర్థమైంది. మొహం కడిగించుకుని, చీర కొంగు సర్దుకుని కూర్చుంది. తర్వాత అతన్ని బయటికి పొమ్మంది. ఇది తనకూ తన చెల్లెలికీ మధ్య మాట అనీ, ఇంకెవరూ వినకూడదనీ, అతను కూడా ఎప్పుడూ చూడకూడదనీ చెప్పి, తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. మురళి కెమెరా స్టాండు మీద నిలబెట్టి, బొమ్మ సరి చూసుకుని, మీట నొక్కి, తలుపు వేసి వచ్చేశాడు.

ఆమె అరగంటకు పైగా మాట్లాడింది. తలుపు ఇవతలికి మాటలు తెలియలేదు, గొంతు మాత్రం వినబడుతోంది. నడుమ ఒకసారి ఆ గొంతు పెద్దదై ఆగింది. అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. లోపలికి వెళ్లేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

బయటికి రాగానే మురళి సంతోషం పట్టలేక మంగాయమ్మకు ఫోను చేశాడు. మాట్లాడింది అత్తా, చానా సేపు మాట్లాడింది, తెస్తుండా అన్నాడు.

విమానాశ్రయంలో చాలా ఖాళీ సమయం దొరికింది. పెళ్లి వీడియోలన్నీ రెండో ప్రతి తీసుకుని, ఆ మెమరీ కార్డులు కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. అచ్చాయమ్మ కార్డు మాత్రం తీయలేదు. ల్యాప్‌టాప్‌లో వేస్తే ఆమె మొహం కనబడుతుంది, ఒట్టు తప్పినట్టవుతుంది. కెమెరాలో ఉన్నది కెమెరాలోనే ఉంటే క్షేమం అనుకున్నాడు.

విమానం తలుపు దగ్గర వరసలో ఉండగా యూనిఫారం వేసుకున్న అమ్మాయి అతని సంచీని చేత్తో లేపి చూసింది. పైన అరలు నిండిపోయాయి, ఇది కిందికి వెళ్లాలి అంది. మురళి వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలాడు. ఇందులో కెమెరాలున్నాయన్నాడు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానన్నాడు. ఆమె విసుక్కోలేదు, వినలేదు కూడా. బ్యాటరీలు మాత్రం కింద సామాన్లలో పెట్టకూడదు, తీసుకోండి అంది. వెనక జనం గొణుగుతున్నారు. మురళి నేల మీద మోకాళ్లేసి సంచీ తెరిచి, గబగబా బ్యాటరీలు ఏరుకున్నాడు. అచ్చాయమ్మను తీసిన చిన్న కెమెరాకు అడుగున ఒకటే మూత. బ్యాటరీ, కార్డు పక్కపక్కనే ఉంటాయి. ఆ మూత తెరిచాడు, బ్యాటరీ లాగాడు, మూత వేసేశాడు.

సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక గాని కార్డు గుర్తుకు రాలేదు. లేచి నిలబడ్డాడు. అప్పటికి తలుపులు మూసేశారు, కూర్చోమన్నారు.

చెన్నైలో బట్టల పెట్టె వచ్చింది. పట్టా మీద తిరిగే సామాన్లన్నీ ఎవరివి వాళ్లు తీసుకున్నారు, పట్టా ఆగింది. కెమెరాల సంచీ రాలేదు. ఎక్కడో తప్పి ఉంటుంది, దొరకగానే ఇంటికి పంపిస్తామని ఒక చీటీ ఇచ్చారు.

ఒర్లియంపేట చేరేసరికి మంగాయమ్మ వీధి గుమ్మంలోనే ఉంది. టీవీకి కెమెరా తగిలించే వైరు కావాలేమోనని కొనిపించి పెట్టుకుంది. సంచీ వెనక విమానంలో వస్తుందని మురళి చెప్పాడు. అది అబద్ధమని అప్పటికి అతనికే తెలియదు.

రోజూ ఫోను చేశాడు. రోజూ ఎవరో ఒకరు వెతుకుతున్నామన్నారు. మంగాయమ్మ సాయంత్రాలు సముద్రం ఒడ్డుకు నడిచే అలవాటు మానేసి, తను లేనప్పుడు సంచీ వస్తుందేమోనని ఇంట్లోనే ఉండిపోయింది. ఒక పూట వచ్చి కూర్చుని, అరగంట తిడతారట్రా ఎవరైనా అని అడిగింది. అదే రోజు ఇంకో పూట, దానికి నోటికొస్తే అరగంటేం, పొద్దంతా తిడుతుంది అని తనే అంది. ఆమె అలా ఆశపడుతూ భయపడుతూ ఉంటే మురళి ఆమె మొహంలోకి చూడలేకపోయేవాడు. తన ఫోను తన జేబులోనే ఉంది కదా ఆ పూట, దాంతో తీసినా సరిపోయేదే. వెలుతురు బాగా రావాలి, మొహం తేటగా పడాలి అని మంచి కెమెరా పెట్టాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఈలోగా సౌందరరాజన్ గారు ఫోను చేశాడు. అచ్చాయమ్మ నిద్రలోనే పోయిందట. మంగాయమ్మ ఆ వార్త విని ఏడవలేదు. తలస్నానం చేసి వచ్చి, "ఇక సంచీ ఒక్కటేరా నాకు," అంది.

సంచీ వచ్చింది. డెలివరీ మనిషి గుమ్మంలో పెట్టి సంతకం తీసుకుపోయాడు. జిప్పు ఒకవైపు చించి ఉంది. లోపల ఛార్జర్లు, తుడిచే గుడ్డ, మాసిన చొక్కా ఒకటి. కెమెరాలు కూర్చునే స్పాంజి గుంతలు ఆ ఆకారంలోనే ఖాళీగా ఉన్నాయి. మురళి సంచీని బోర్లించి దులిపాడు, అరలన్నీ వేళ్లతో తడిమాడు, మళ్లీ దులిపాడు. గిరిజ వచ్చి సంచీ లాగేసుకునే దాకా దులుపుతూనే ఉన్నాడు.

ఎట్లా చెప్పాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలకు మాట తేడా వచ్చింది. చిన్న అబద్ధం ఆడితే ఏమి అంది గిరిజ. కెమెరా పోయింది గాని అందులోది నేను ముందే చూసినాను, మీ అక్క కోపం పెట్టుకోలేదు అని చెప్పెయ్, చచ్చినామె వచ్చి కాదంటుందా అంది. మురళి ఒప్పుకోలేదు. ఇద్దరు ముసలివాళ్ల నడుమ నలభై ఏళ్ల మాట అది. దాన్ని నేను కల్పించేదేంది అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మర్యాద అనుకున్నాడు.

వెళ్లి చెప్పాడు. సంచీ సంగతి, ఒట్టు సంగతి, మూత సంగతి, ఏదీ దాచలేదు. మంగాయమ్మ కదలకుండా వింది.

"నువ్వు తలుపు బయట ఉన్నావా?"

"బయటే ఉన్నాను అత్తా."

"అరగంట. ఒక్క మాట కూడా చెవిన పడలేదా?"

"గొంతు వినబడింది. మాటలు తెలియలేదు."

"ఏడ్చిందా?"

నవ్వో ఏడుపో తెలియలేదన్నాడు మురళి. అది నిజం. నిజమని చెప్పడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. మంగాయమ్మ అతని మొహం వెతికినట్టు చూసింది. చివరికి ఆమె మొహంలో ఏదో తేలిపోయినట్టు కనబడింది.

"విన్నావు," అంది నెమ్మదిగా. "నాతో చెప్పలేక సంచీ మీద పెడుతున్నావు. పారిస్ నుంచి ఫోను చేసినప్పుడు నీ గొంతులో ఎంత సంతోషం ఉంది! ఆ తర్వాత పెట్టి చూసుంటావు. అంత మాట అందన్నమాట."

మురళి లేదన్నాడు, పిల్లల మీద ఒట్టేశాడు, పరుగున ఇంటికి పోయి చిరిగిన సంచీ తెచ్చి చూపించాడు. జిప్పు ఎవరైనా చించవచ్చు అంది ఆమె. కోపంగా అనలేదు. ఆ నెమ్మదికే అతనికి భయం వేసింది.

ఆ వారమంతా ఆమె గుమ్మంలోకి రాలేదు. అన్నం సరిగా తినడం లేదని పనిమనిషి చెప్పింది. మురళి ఇక ఉండబట్టలేక, గిరిజ మొదట చెప్పిన మాటే పట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఆ అక్కచెల్లెళ్ల తల్లి మాటెత్తి అబద్ధం మొదలుపెట్టాడు. నిజమే అత్తా, నేను చూశాను, ఒట్టు పెట్టించుకుందని దాచాను, ఆమె కోపమంతా పోయింది, చాకిరీ అంతా నా చెల్లెలే చేసింది అనింది, నిన్ను చూడాలని ఉందనింది అన్నాడు. చెబుతూ చెబుతూ తనే ఏడ్చేశాడు.

మంగాయమ్మ అతని తల నిమిరింది.

"మొన్న చూడలేదన్నావు, ఇవాళ చూశానంటున్నావు. నువ్వు మంచివాడివి మురళీ. ఎదటివాళ్లు నొచ్చుకుంటే ఓర్చుకోలేవు. ఇంత కష్టపడి దాస్తున్నావంటే అది నన్ను ఎంత మాట అందో నాకు తెలుస్తోంది." అతని తల మీంచి చెయ్యి తీసి, "ఇక ఈ సంగతి ఎత్తకు," అంది.

అతను ఎత్తలేదు. విమానం కంపెనీ వాళ్లు క్షమించమని ఏదో డబ్బు పంపారు. కొత్త కెమెరాలు వచ్చాయి. లాస్‌పేటలో ఒక నిశ్చితార్థం ఒప్పుకున్నాడు, తీశాడు, జనం బాగుందన్నారు. పారిస్ నుంచి ఇంకో పెళ్లికి పిలుపు వస్తే ఒంట్లో బాగోలేదని చెప్పి తప్పించుకున్నాడు.

ఒక మధ్యాహ్నం గిరిజ వంకాయ కూర గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్లి, పెట్టకుండానే తిరిగొచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుంది. ఏమైందని మురళి అడిగాడు.

"అత్త గోడకేసి కూర్చోనుంది. తనలో తనే మాట్లాడుకుంటాంది. గొంతు అత్తది కాదు, ఇంకెవరిదో మాదిరి చేసుకోనుంది." గిరిజ కొంగుతో మొహం తుడుచుకుంది. "వాళ్లక్క తిట్టినట్టు తన్ని తానే తిట్టుకుంటాంది. అమ్మని చంపినావే అంటాంది. నేను వచ్చింది కూడా తెలీలేదు."

మురళి చెప్పుల్లో కాళ్లు పెట్టి గుమ్మం దాకా వెళ్లాడు. ఎదురింటి కిటికీ తెరిచే ఉంది. వెళ్లి ఏం చెప్పాలో తోచక అక్కడే నిలబడ్డాడు. వీధిలో నీళ్ల లారీ ఒకటి హారను మోగిస్తూ వచ్చి వాళ్ల వాకిట్లో ఆగింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గిరిజ కూడా బిందెలు తీసుకుని అతన్ని పక్కకు తప్పుకోమని దిగి వెళ్లింది.