పేరు చెప్పకూడని పాఠం

మా మామగారు వీరరాఘవయ్యగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. రిటైరై ఎన్నేళ్లయినా, పంతుళ్ల పాఠాలు విని మార్కులేసే ఆ వెనక బెంచీ ఆయన దిగలేదు. నేను కూరలమ్మే ఆవిడతో బేరమాడినా సరే, చివర్లో విమర్శ తప్పదు. "గొంతు బాగుందమ్మాయ్, ముగింపు తేలిపోయింది" అంటారు. పదికి ఆరున్నర మించి ఎవరికీ వెయ్యరు. పెళ్లిచూపుల్లో నాకూ అంతే పడిందట.

నూజివీడులో మామిడికాయల షెడ్డొకటి అద్దెకి తీసుకుని, అందులో పంతుళ్లకి పాఠం చెప్పడం నేర్పిన మనిషి ఆయన. ఆ షెడ్డే తర్వాత ట్రైనింగ్ కాలేజీ అయింది. మా ఆయన వెంకటకృష్ణారావు అందులోనే లెక్చరరు. ఎనభై ఆరులో, మాదీ, చింతలపూడిదీ, ఇంకో ఊరిదీ కలిపి యూనివర్సిటీ చేస్తారని కబురొచ్చింది. ముందు కమిటీ వచ్చి ఒక్కో కాలేజీలో ఒక పాఠం చూస్తుంది. నచ్చితే కలుపుతారు. నచ్చకపోతే కాలేజీ మూత, లెక్చరర్లు తలో దిక్కు. మా కాలేజీ తరఫున పక్క స్కూలు పిల్లలకి పాఠం చెప్పాల్సింది మా ఆయన.

మామగారు పెట్టిన నియమం ఒకటుంది. పాఠం పేరు మాస్టారు చెప్పకూడదు. ప్రశ్నలు వేసి వేసి పిల్లల నోట రప్పించాలి. అప్పుడే బోర్డు మీద రాయాలి.

"రాకపోతేనండీ?" అన్నాను మా ఆయనతో.

"రావాలి."

"అదే, రాకపోతే?"

"పుష్పా, నన్ను చంపకు." ఆయన కంచంలో అన్నం అలాగే ఉంది. నాకూ ముద్ద దిగడం లేదు, కానీ ఇద్దరం మానేస్తే మామగారికి అనుమానం వస్తుందని నేను తిన్నాను.

కమిటీ వచ్చేసరికి తోటలన్నీ పూత మీదున్నాయి. పాఠం పరాగ సంపర్కం. కాఫీ ఫ్లాస్కు తెచ్చే వంకతో నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. కమిటీ పెద్ద కామేశ్వరిగారు కళ్లజోడు సర్దుకున్నారు. వెనక వరసలో మామగారు.

"పిల్లలూ, ఇప్పుడు తోటల్లో ఏముంది?"

"పూతండీ!"

హమ్మయ్య అనుకున్నాను.

"పూత మీద ఏం వాలతాయి?"

"తేనెమంచు పురుగులండీ!"

"ఆ రసం పీల్చే పురుగులు కాకుండా?"

"బూడిద తెగులండీ!"

"అది వాలదురా. పూత దగ్గరికి ఎవరొస్తే మనకి మంచిది?"

"మందు కొట్టేవాళ్లండీ!"

అందరూ రైతుల పిల్లలే. తేనెటీగ పేరు ఒక్కరి నోటా రాలేదు. మా ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కామేశ్వరిగారు వాచీ చూసుకున్నారు. సామాను సర్దుకుని ఏ ఊరు పోవాలో అప్పుడే ఆలోచిస్తున్నాను.

మా ఆయన వాళ్ల నాన్న వంక ఒకసారి చూశారు. ఇటు తిరిగి, బోర్డు మీద 'పరాగ సంపర్కం' అని తనే రాసేశారు.

"ఇవాళ పాఠం ఇది. మందు కొట్టేవాళ్లొచ్చారు. పురుగు చచ్చింది. దాంతోపాటు తేనెటీగా చచ్చింది. ఇక కాయ కట్టేదెలా?"

ముందు బెంచీలో మగ్దలేనమ్మ అనే పిల్ల లేచింది. "మాస్టారూ, మా నాన్న పూత విచ్చాక కొడతాడండీ. పోయినేడు మాకు కాయ రానిది అందుకేనా?"

అంతే, తలా ఒక ప్రశ్న. గంట కొట్టినా ఆగలేదు.

కామేశ్వరిగారు మాత్రం నవ్వలేదు. "పాఠం నడిచింది. కానీ మీ కాలేజీ పద్ధతిలో నడవలేదు" అని వెనక్కి తిరిగారు. "వీరరాఘవయ్యగారూ, ఆ పద్ధతి పెట్టింది మీరే. మీ అబ్బాయి చేసింది తప్పా? మీ మాట మేం రాసుకుంటాం."

కొడుకు కోసం అబద్ధమాడే మనిషి కాదు ఆయన. మా ఆయన సుద్దముక్క కింద పెట్టి తల వంచుకున్నారు.

మామగారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచారు.

"పిల్లల నోట రావాల్సింది పాఠం పేరనుకున్నానండీ, ఇన్నేళ్లూ. ఇందాక ఆ పిల్ల అడిగిందే, అలాంటి ప్రశ్న రావాలి. తప్పు వాడిది కాదు. నాది."