గదిలో ఇంకెవరూ ఉండకూడదు

చిక్కుడు గింజలు ఉడికించాలి. అత్తగారికి చక్కెర జబ్బు మందు వేయాలి. మొగుడు రమీరో పని చొక్కాలు ఉతకాలి. పిల్లల్ని చెల్లెలింట్లో దింపాలి. ఆ తర్వాత మేరీమాత పటానికి దుప్పటి కప్పి, పెళ్లి ఫోటోను గోడవైపు తిప్పాలి. ఇవాళ ఇంట్లోంచే పరీక్ష రాయాలి. పరీక్ష పెట్టే కంప్యూటర్ కెమెరాలోంచి ముఖాలు లెక్కపెడుతుంది. రాసేవాళ్లది కాక ఇంకో ముఖం కనబడితే, పటంలోదైనా సరే, ఒప్పుకోదు.

"నా కొడుకు ఫోటో గోడకు తిప్పావేమే? వాడేమన్నా పోయాడా?" అంది అత్తగారు, కర్రపట్టుకుని గుమ్మంలో నిలబడి.

"కాసేపే అత్తమ్మా. మీరు పడుకోండి."

ఎలోయిసా బడి వంటగదిలో పళ్లేలు కడుగుతుంది. వాళ్లది అమెరికా సరిహద్దు ఊరు, నది దాటితే మెక్సికో. వాళ్ల వాడలో కాలేజీ మెట్లెక్కిన ఆడది లేదు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చన్న ఆన్‌లైన్ గణితం కోర్సును, రొట్టెలు వత్తుతూ, ఫోన్‌లో విని నేర్చుకుంది. ఈ పరీక్ష గట్టెక్కితే నర్సు చదువులో సీటు.

"తలుపు దగ్గర కుక్కలా కాపలా కాస్తాలే, డాక్టరమ్మా!" అన్నాడు రమీరో.

ఆమె చివరి పేజీలో ఉండగా తలుపు తెరుచుకుంది.

"ఏమేవ్, సాల్సా పచ్చడి ఎక్కడ పెట్టావ్?"

తెర తెల్లబడింది. గదిలో మరొకరు ఉన్నారు, పరీక్ష రద్దు అని వచ్చింది.

"నా మొహం చూసి కంప్యూటరే జడుసుకుంది!" అని నవ్వాడు రమీరో. ఆమె మొహం చూశాక, "సర్లే, మళ్లీ రాద్దువుగానీ" అన్నాడు.

మళ్లీ రాసేలోగా సీట్లు నిండిపోతాయి. సహాయం నంబరుకు ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి మర్యాదగానే, "మీరొక్కరే ఉండే చోట కూర్చోవాల్సిందండీ" అంది.

అలాంటి చోటు ఎక్కడుందా అని ఎలోయిసా నిజంగానే వెతికింది. పుట్టింట్లో అక్కచెల్లెళ్లందరికీ ఒకటే పరుపు. ఇక్కడ స్నానానికి వెళ్లినా తలుపు బాది, నా మేజోళ్లేవీ అంటారు. రమీరో చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. ఆ తలుపు వెనక తన పెళ్లాంలోనే ఇంకో మనిషి కూడా ఉండొచ్చని అతనికి తోచలేదు, అంతే. ఆ 'అంతే' దగ్గరే ఆమెకు దుఃఖం ఆగలేదు. చదువు అందరికీ తెరిచే ఉంది. వేసుకోవడానికి తలుపే ఆమెకు లేదు.

"ఇంతకీ సాల్సా ఎక్కడో చెప్పవేం?"

"వెతుక్కో" అంది ఎలోయిసా. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదలు.

గది తలుపు వేసుకుని, ప్రశాంతంగా పరీక్ష రాసి పాసైనవాళ్లు దీన్ని చదువుతుంటే, ఎలోయిసాను ఒక్కసారి తలచుకోండి. ఆమెకు జవాబులన్నీ వచ్చు.